నోట్లో గొట్టం

మా మేనత్త ఒక మనిషిని నరకం గుమ్మంలోంచి చెయ్యి పట్టి వెనక్కి లాగింది. తొమ్మిదో తరగతిలోనే చదువుకు దండం పెట్టేసిన నాలాంటివాడి మాట ఎవరు నమ్ముతారు గానీ, ఇది మాత్రం నిజం.

అత్త ముప్పై ఏళ్లుగా ఆసుపత్రిలో ఆయా. మంచమ్మీద రోగిని లేపకుండానే అతని కింది దుప్పటి మార్చేస్తుంది. ఆమె తమ్ముడు, మా చిన్నాన్న, జన్మలో చర్చి గడప తొక్కలేదు. ఆమె వార్డులోనే నోట్లో గొట్టంతో పోయాడు. ఆఖరి రోజున అత్త అతని చెయ్యి పట్టుకుని, "ప్రభువును నమ్మితే నొక్కరా" అంది.

సమాధిరాయి మీద 'ప్రభువునందు నిద్రించెను' అని చెక్కాలంటే పాస్టరు గారి సంతకం కావాలి. రెండు నెలలుగా ఆ అనుమతి కాగితం ఆయన బల్ల మీదే ఉంది.

"యేసే ప్రభువని నోటితో ఒప్పుకోవాలి కదమ్మా," అన్నారాయన మళ్లీ.

"గొట్టం పెట్టిన నోటితో ఏం ఒప్పుకుంటాడండీ? ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అంది అత్త విసుగ్గా.

నేను సాయానికి దూరాను. "అత్త వేలి ఉంగరం వంకరపోయేలా నొక్కాడండీ. ముగ్గురు నర్సులు కలిసి విడిపించారు."

పాస్టరు గారు మెత్తబడి పెన్ను తీశారు. అత్త నన్ను కొరకొరా చూసి ఆయన వైపు తిరిగింది.

"వీడి మాటలు వినకండి. ఒక్క వేలు కదిలింది. నేను అడిగాక కదిలిందో, అడక్కముందే కదిలిందో నాకు తెలీదు."