స్వామి హుండీలో పెన్నీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క కారు. మేముండే ఊరు నోవైలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు తిని తిని దాని అంచులన్నీ తుప్పు పట్టాయి. అయినా కొన్న రోజున అమ్మ దానికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, డ్యాష్‌బోర్డ్ మీద వేలెడంత వెంకటేశ్వరస్వామిని అంటించింది. స్వామి పాదాల కిందే సిగరెట్ లైటర్ ఉండే గుంట. మా ఇంట్లో సిగరెట్ తాగేవాళ్లెవరూ లేరు కనక నాన్న లైటర్ తీసి పారేశారు. గుంట మాత్రం నోరు తెరుచుకుని ఉండేది.

ఏడేళ్ల పిల్లని నేను. అమ్మ అప్పటికి డ్రైవింగ్ టెస్ట్ రెండుసార్లు తప్పింది. మూడోది శనివారం పొద్దున. సోమవారం నుంచి హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం. అక్కడికి బస్సు లేదు, నాన్న ఆఫీసేమో ఊరికి ఇంకో చివర. లైసెన్స్ వస్తేనే ఉద్యోగం. ఎప్పుడూ పోపు మాడ్చని అమ్మ ఆ వారంలో మూడుసార్లు మాడ్చింది. ఆవిడ బెంగ నాకూ అంటుకుంది.

శుక్రవారం బడి నుంచి రాగానే కారులోకి దూరాను. స్వామికి దణ్ణం పెట్టుకుని, అమ్మని పాస్ చేయించమని చెప్పి, ఒక పెన్నీ, అంటే ఒక సెంటు రాగి నాణెం, ఆ గుంటలో వేశాను. హుండీ అంటే అలాగే ఉంటుంది కదా మరి! లోపల టప్ మని చిన్న చప్పుడైంది. స్వామి పుచ్చుకున్నాడనుకుని, సంతోషంగా ఇంట్లోకెళ్లి పాలు తాగాను.

సాయంత్రం అమ్మ ఆఖరిసారి ప్రాక్టీస్ చేద్దామని కారెక్కింది. హారన్ నొక్కితే కిక్కురుమనలేదు. టెస్ట్‌కి ముందే హారన్, లైట్లు చూస్తారు. ఏది పని చేయకపోయినా అటు నుంచి అటే పంపేస్తారు. అమ్మ స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నాన్న స్టీరింగ్ కింది మూత తీసి చూస్తే పసుపు రంగు ఫ్యూజ్ ఒకటి కాలిపోయి ఉంది. ఆ కారులో హారన్‌కీ లైటర్‌కీ కలిపి ఆ ఒక్కటే. నాన్న వంటింట్లోంచి అల్యూమినియం ఫాయిల్ ముక్క చింపుకొచ్చారు. ఊళ్లో ఫ్యూజ్ పోతే ఇంత రాగితీగ చుట్టి పని కానిచ్చేవాళ్లం, ఇదెంత అన్నారు.

మా ఎదురింట్లో ఒక ఆంటీ ఉండేవారు. కార్ల కంపెనీలో వైరింగ్ పరీక్షించే ఇంజనీరు. మా అవస్థ చూసి తన డబ్బా పట్టుకొచ్చారు.

"అన్నయ్యగారూ, ఆ ఫాయిల్ పెట్టకండి. ఫ్యూజ్ పోవాల్సిందే. అది పోకపోతే వైర్లు కాలతాయి," అన్నారు.

చిన్న ప్లాస్టిక్ పట్టకారుతో కాలిన ఫ్యూజ్ లాగి, వెలుతురుకి పెట్టి నాకు చూపించారు. లోపలి సన్నటి తీగ మధ్యకి తెగిపోయింది. పైన ఇరవై అని అంకె ఉంది. పెడితే మళ్లీ ఇరవైదే పెట్టాలట. పెట్టారు. అదీ టప్ మంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆంటీ టార్చి వేసి కారంతా చూసి, డబ్బా మూసేశారు. "ఇంకొకటే ఉంది. ఇదీ పోతే రేపు టెస్ట్ లేనట్టే. ముందువి ఎందుకు పోయాయో తెలియకుండా పెట్టను. ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి," అన్నారు. నా వైపు చూడను కూడా లేదు.

నాన్న కోపం నాకు బాగా తెలుసు. నోరు విప్పకుండా ఉందామనే అనుకున్నాను. కానీ అమ్మ ముఖం కనిపించింది.

"అమ్మా, పెన్నీ నేనే వేశా. గాడ్‌కి," అంటూ ఆ గుంట చూపించి భోరుమన్నాను.

నాన్న చెయ్యెత్తారు. ఆంటీ అడ్డం వచ్చి, "చెప్పింది కదండీ! చెప్పినందుకు కొడితే ఇంకోసారి చెప్తుందా?" అన్నారు. గుంట లోపల కరెంటుకి అడ్డం పడి ఫ్యూజులు కాలుస్తున్న పెన్నీని పట్టకారుతో బయటికి తీసి, కొత్త ఫ్యూజ్ నా చేతే పెట్టించారు. అమ్మ హారన్ నొక్కగానే వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. అమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆ పెన్నీని పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి దగ్గర పెట్టింది. మర్నాడు పాసయ్యింది. సోమవారం తనే డ్రైవ్ చేసుకుంటూ ఉద్యోగానికి వెళ్లింది.

నాకు లైసెన్స్ వచ్చిన రోజున ఆంటీ అప్పటి కాలిన ఫ్యూజ్ ఒకటి నా తాళాలకి తగిలించి, అసలు సంగతి చెప్పారు. టార్చి వేయగానే పెన్నీ కనిపించిందట. డబ్బా నిండా ఫ్యూజులేనట! "అది నేనే తీసేస్తే హారన్ మోగేదే. నువ్వు మాత్రం లోపల్లోపల భయపడుతూనే ఉండేదానివి," అన్నారు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. నాన్న కోపం నాకు పూర్తిగా వచ్చింది, దాచుకోవడమెందుకు. పోయిన నెల మా అబ్బాయి గరాజ్ తలుపుకి కారు గుద్దేసి, ఇంట్లోకొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. నా కోపం నషాళానికంటింది. తాళాల గుత్తి టేబుల్ మీద విసిరేయబోతే, దానికి వేలాడే కాలిన పసుపు ఫ్యూజ్ వేళ్లకి తగిలింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఏమైంది నాన్నా?" అని అడిగి, వాడు చెప్పేదాకా ఆగాను.