మీటరు మావయ్య సెలవు రోజు

మా మావయ్య నీళ్ళ మీటర్లు చదువుతాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. నెలకొకసారి ఊళ్ళో సగం ఇళ్ళ గడప తొక్కుతాడు. గోడ మూలనో మెట్ల కిందో ఉన్న మీటరు ముందు వంగి, అంకెలు పుస్తకంలో రాసుకుని, పక్కనే వేలాడే కార్డు మీద తారీఖు వేసి, సంతకం పెట్టి బయటపడతాడు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు, నడుము మాత్రం ఎప్పుడో అరిగిపోయింది. "ఈ ఊళ్ళో నన్నెరగని ఇల్లు లేదు" అని రోజుకి రెండుసార్లయినా అంటాడు. ఆ మాట నమ్మడమే నేను చేసిన తప్పు.

కాలేజీలో నేను నాలుగు నిమిషాల పాటకి వీడియో తీయాలి. పాడేది మా క్లాసులో అందరూ 'గొంతు' అని పిలిచే నా స్నేహితురాలు. పాటలో ఒక పిల్ల ఇంట్లో గొడవపడి, మెట్లు దిగి, సందులు పట్టుకుని పోతూ ఉంటుంది. కాలేజీకి ఉన్నది ఒకే కెమెరా, జట్టుకి మూడు రోజులు. సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా మూడు చోట్ల అనుమతి కాగితాలు, యజమానుల సంతకాలతో సహా, మాస్టారి బల్ల మీద ఉండాలి. లేకపోతే కెమెరా తర్వాతి జట్టుకి పోతుంది, మా వంతు మళ్ళీ ఈ ఏడాదిలో రాదు. ఇద్దరం ఫెయిలే. రెండు వారాలు కాళ్ళరిగేలా తిరిగి నేను ఒప్పించిన వాళ్ళు ముగ్గురూ శనివారం సాయంత్రం ఫోను చేసి మరీ చెయ్యిచ్చారు.

"ఏడవకే. రేపు నాకు సెలవు. నాతో రా, మధ్యాహ్నం భోజనానికల్లా మూడు సంతకాలూ నీ చేతిలో ఉంటాయి" అన్నాడు మావయ్య.

ఆదివారం పొద్దున్నే ఆయన అవతారం చూసి అమ్మ కూడా నోరు తెరిచింది. రోజూ వేసే ఖాకీ బదులు ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, మెరుగు పెట్టిన బూట్లు, తలుపు దాకా సెంటు వాసన. వీపు నిటారుగా పెట్టి నడుస్తున్నాడు. మేనకోడలు డైరెక్టరు కదా మరి.

మొదట తీసుకెళ్ళిన చోటు తెల్ల పలకలు అతికించిన గోడ. ఆసుపత్రి వెనక గోడలా ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు గర్వంగా.

"ఇందులో ఏముంది మావయ్యా?"

"ఏముందంటావేంటే! మీటరు సరిగ్గా ఛాతీ ఎత్తులో ఉంది చూడు. వంగక్కర్లేదు, నిలబడే చదివెయ్యచ్చు."

రెండో చోటూ అంతే, మూడో చోటూ అంతే. మా మావయ్య లెక్కలో అందమంటే నడుము వంచక్కర్లేకపోవడం. పదకొండయింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"చీకటిగా ఉండాలి మావయ్యా. ఇరుకు మెట్లు, పెచ్చులూడిన గోడ, పై నుంచి కాస్త వెలుగు. అలాంటివి కావాలి నాకు!"

"అవా? అవి పరమ దిక్కుమాలిన చోట్లే తల్లీ. నాలుగు కాళ్ళ మీద పాకితే గానీ అంకె కనపడదు."

"అవే చూపించు!"

చూపించాడు. ఒక అచ్చాఫీసు వెనక తుప్పు పట్టిన ఇనుప మెట్లు మెలికలు తిరిగి పైకి పోతున్నాయి. గేటు సందులోంచి చూసి నా కోపమంతా మర్చిపోయాను. అచ్చాఫీసాయన బయటికొచ్చాడు.

"ఎవరండీ మీరు?"

"నేనేనండీ" అని నవ్వాడు మావయ్య. "మీటరు."

ఆయన మావయ్యని కింద నుంచి పై దాకా చూశాడు. "మీటరాయన వేరేనండీ. పొట్టిగా ఉంటాడు. కొంచెం గూని కూడా."

గేటు మూసేశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన చూసింది వంగి ఉన్న మావయ్యనే. ఆ మనిషి నిటారుగా నిలబడగలడని పాపం ఆయనకెలా తెలుస్తుంది?

తర్వాత ఒక పాత మేడ. కింద పొడుగాటి నడవ, చివర పైకప్పు కంతలోంచి ఎండ. తలుపు గొలుసు తియ్యకుండానే ఇల్లుగలావిడ, "ఆదివారం మీటరు చూడ్డానికి ఎవరూ రారు. ఎవర్ని మోసం చేద్దామని?" అంది. ఇంకో మూడు చోట్లా అదే వరస. ఒకడైతే మా ముందే పోలీసులకి ఫోను తీశాడు. మూడయింది. కడుపులో మంట, కాళ్ళ కింద మంట. వాటన్నిటికంటే ఆ నీలం చొక్కాని చూస్తే ఎక్కువ ఒళ్ళు మండింది.

"వీళ్ళెవరికీ నువ్వు తెలీదు మావయ్యా! తెలిసింది ఖాకీ బట్టలూ మీటరూ. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నీ మొహం చూడలేదు. నిన్ను నమ్ముకుని నా ఏడాది పోయింది!"

అన్నాక నాలుక కరుచుకున్నాను. కానీ అనేశాను కదా. మావయ్య ఒక అరుగు మీద కూర్చుని, బూటు మీద దుమ్ము బొటనవేలితో తుడుచుకున్నాడు.

"ఆ నడవలో మీటరు గాజు పగిలితే ఆఫీసు చుట్టూ తిరిగి నేనే మార్పించాను" అన్నాడు చివరికి. "చీకట్లో ఆవిడ జారిపడుతుందని అక్కడ బల్బు కూడా నేను చెబితేనే పెట్టుకుంది." నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలితోనో, నా మీద జాలితోనో నాకే తెలియలేదు.

"ఇంకొక్క ఇల్లు చూద్దాం" అని లేచాడు.

అది ఒక దర్జీ ఆవిడ ఇల్లు. కిటికీ దగ్గరే మిషను. మావయ్య మీటరునని చెప్పగానే, ఆయన చొక్కా వైపు ఓరగా చూసి, "మీటరాయన ఖాకీ వేసుకుంటాడండీ" అంది. నేను వెనక్కి తిరిగాను. మావయ్య తిరగలేదు. నా చేతిలోంచి అనుమతి కాగితం లాక్కుని, వెనక్కి తిప్పి, గోడకి ఆనించి సంతకం పెట్టాడు. ఒక పొడుగాటి గీత, కింద రెండు చుక్కలు. దాన్ని కిటికీ ఊచల్లోంచి లోపలికి ఇచ్చాడు.

"మీ మెట్ల కింద మేకుకి కార్డుంటుంది. పక్కన పెట్టి చూడండమ్మా."

మిషను ఆగింది. ఆవిడ లోపలికెళ్ళింది. అంచులు నలిగిపోయిన కార్డు పట్టుకొచ్చి, ఒక చేతిలో అది, ఇంకో చేతిలో మా కాగితం పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ తర్వాత మావయ్య మొహం చూసింది.

"నెలనెలా ఈ రెండు చుక్కలేంటా అనుకునేదాన్ని. మీరేనా?"

తలుపు తీసింది. మావయ్య అలవాటు కొద్దీ మెట్ల కిందికి పోయి వంగబోయాడు.

"అటెక్కడికండీ? ఇవాళ ఇలా కూర్చోండి" అని కుర్చీ లాగింది. మీటరు చదివేవాణ్ణి ఎవరూ కూర్చోమనరు. ఆయన కుర్చీ అంచు మీద కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆవిడ సంతకం తీసుకుని, వెనక్కి వెళ్ళి ఆ తలుపులన్నీ మళ్ళీ తట్టాం, కాగితం వెనక మావయ్య అదే సంతకం పెట్టి చూపిస్తుంటే. పోలీసులకి ఫోను తీసినవాడు ఈసారీ తలుపు తియ్యలేదు. నడవావిడ కార్డు తెచ్చి చూసుకుని గొలుసు తీసింది. అచ్చాఫీసాయన కూడా సంతకం చేశాడు, "అయినా ఆయన పొట్టిగా ఉండేవాడండీ" అని గొణుక్కుంటూనే.

సోమవారం మాస్టారు మూడు కాగితాలూ చూసి, వెనక్కి తిప్పి మొహం చిట్లించారు. "ఈ గీతా చుక్కలూ ఏంటి? అనుమతి ఇచ్చినవాళ్ళ సంతకం తప్ప ఇంకేం ఉండకూడదు. కొట్టేసి ఇవ్వు."

"కొట్టను సార్" అన్నాను. "అది చూసే తలుపులు తీశారు."

ఆయన నన్నొకసారి, కాగితాలనొకసారి చూసి, కెమెరా సంచి నా వైపు తోశారు.