ఎనభై నంబరు ఇంజెక్టర్లు

మిల్లులో ఆడవాళ్లు వరుసగా గోడవైపు తిరిగి నల్లగా ఉమ్మేవాళ్లు. మొదటిసారి చూసినప్పుడు అది పొగాకు నమిలిన ఉమ్మి అనుకున్నాను. కాదు. మా ఇంజిను పొగ. 

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు వేసవిలో నేను నంద్యాలలో పత్తి నుంచి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో ఇంజిన్ డ్రైవరుగా చేరాను. మాది ఆళ్లగడ్డ. నాయన మిషన్ బడిలో పంతులు. నాకు చదువు అబ్బలేదు కానీ మద్రాసులో మూడేళ్లు ఒక షెడ్డులో ఉండి డీజిలు ఇంజిన్ల పని నేర్చుకుని వచ్చాను. మా చుట్టుపక్కల ఆ పని తెలిసినవాళ్లు అప్పట్లో తక్కువ. మిల్లు సావుకారు నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి మాట్లాడాడు. కుర్చీకి నేను లొంగిపోయాను, అది ఒప్పుకోవాలి.

సావుకారు మద్రాసు నుంచి ఒక మిలిటరీ ఇంజిను తెచ్చాడు. యుద్ధం అయిపోయాక పాత సామానుగా అమ్మేసిన వాటిలో అదొకటి. నాలుగు సిలిండర్లు. మామూలు ఇంజిను గాలిని తానే పీల్చుకుంటుంది. దీనికి పక్కన బ్లోయరు ఉండేది. అది గాలిని బలవంతంగా లోపలికి నెట్టేది. అందుకే ఆకారం చిన్నదైనా బలం ఎక్కువ. ఒక్కో సిలిండరు మీద ఒక ఇంజెక్టరు, దాని మీద చిన్న ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద ఒక నంబరు. నంబరు పెద్దదైతే ప్రతి దెబ్బకూ చిమ్మే డీజిలు ఎక్కువ. మా ఇంజినుకు అరవై నంబరువి ఉండేవి. పది జిన్నింగు మిషన్లను అది పొగ కనిపించకుండా లాగేది.

చేరిన నెలకే సావుకారు డోన్‌లో మూతబడిన ఒక మిల్లు నుంచి ఇంకో ఎనిమిది మిషన్లు తెప్పించాడు. వాటితోపాటు రెండు రేకు డబ్బాలు నా ముందు పెట్టాడు. ఒకదానిలో డెబ్బై నంబరు ఇంజెక్టర్లు, రెండో దానిలో ఎనభై.

"యావి వేస్తావో వెయ్. పద్దెనిమిదీ తిరగల్ల," అన్నాడు.

నేను డెబ్బై డబ్బా తీసుకున్నాను. "ఇవి వేసి ఇంకో నాలుగు మిషన్లు తిప్పుదామన్నా. అంతకు మించి వద్దు."

"పెద్దవి ఉండంగ చిన్నవి ఎందుకప్పా?"

"లాంతరు చూడన్నా. వత్తి పెంచితే వెలుగు పెరుగుతాది, ఒక మట్టు దాంక. ఆ పైన చిమ్నీ నల్లబడ్తాది. గాలి అంతే ఉంటాది గదా. ఈ బ్లోయరు ఇచ్చే గాలి డెబ్బైకి ఎట్లో సరిపోతాది. ఎనభై వేస్తే కాలేది కాలి, మిగిలింది పొగై పోతాది. కొంత కిందికి కారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తాది."

సావుకారు నా చేతిలోంచి డెబ్బై డబ్బా తీసుకుని పక్కన పెట్టాడు. "చిమ్నీలు తుడిచేదానికి నిన్ను పెట్టుకోలేదప్పా," అని వెళ్లిపోయాడు.

ఆ పూటే ఎనభైవి బిగించాను. ఎవరో మెడ మీద కత్తి పెట్టి చేయించలేదు. పైగా మొదటిసారి పద్దెనిమిది మిషన్లూ ఒక్కసారిగా కదిలి నేల అదురుతుంటే నాకు గర్వం కూడా కలిగింది. సావుకారు భుజం తట్టాడు. ఆ చెయ్యి తగిలిన చోటును ఈ రోజుకూ కడుక్కోవాలనిపిస్తుంది.

పొగ గొట్టం ఇంజిను షెడ్డు పైన ఉండేది. దాని పక్కనే పత్తి ఆరబోసే బండల నేల. గాలి అటు తిరిగిందంటే తెల్లటి పత్తి మీద మసి ఆవాలు చల్లినట్టు పడేది. మిషన్ల దగ్గర నిలబడి పత్తి అందించే ఆడవాళ్లకు దూది దుమ్ము ముందే ఉంది, దాని మీద ఈ మసి. కొంగుతో ముక్కు తుడుచుకుంటే కొంగు నల్లన. మధ్యాహ్నం సంగటి ముద్ద విప్పితే దాని మీదా నలుసులే. వాళ్లు పైపొర గిల్లి పారేసి తినేవాళ్లు. చూసి నేను తిండి తినడానికి బయట రోడ్డు మీదికి పోయేవాణ్ని.

సావుకారు మాత్రం మడత నలగని పంచెతో గేటు దగ్గర కూర్చునేవాడు. మసి పడిన దూదిని, అమ్మకానికి కట్టే బేలు నడుమ పెట్టించి, పైనా కిందా తెల్లది వేయించేవాడు. ఆ పని చేయించేటప్పుడు అతని మొహంలో సిగ్గు గానీ భయం గానీ ఉండేవి కావు. చెరుకు రసం తాగుతూ చేయించేవాడు.

మూడో వారంలో ఇంజిన్ ఆయిలు చూసే కడ్డీ తీస్తే ఆయిలు తగ్గడానికి బదులు పెరిగి ఉంది. వేలికి రాసుకుంటే నీళ్లలా జారింది. వాసన చూశాను, డీజిలు. సావుకారుకు చూపించాను.

"ఆయిలు పెరిగితే మంచిదే గదప్పా. కొనే పని తప్పె," అని నవ్వాడు.

నేను ఆయిలు మార్చాను. వారానికి మళ్లీ అంతే. రెండోసారి చెప్పలేదు. మార్చనూ లేదు.

ఆ తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం తిండివేళ మిషన్లు ఆపారు. బరువు తగ్గింది కాబట్టి ఇంజిను నెమ్మదించాలి. నెమ్మదించలేదు. చప్పుడు పెరిగింది. డీజిలు ఆపే మీట లాగాను. అయినా పెరిగింది. పలచబడిన ఇంజిన్ ఆయిలు బ్లోయరులోకి జారి, అదే డీజిలులా మండుతోందని నాకు అప్పుడు అర్థమైంది. ఇక దానికి మా డీజిలు అక్కరలేదు. గాలి మూసే రేకు మూత ఆ ఇంజినుకు ఉండాలి, కానీ కొన్ననాడే అది ఊడిపోయి ఉంది.

"బయటికి పోండమ్మా! బేగా పోండి!" అని అరిచాను. ఆ హోరులో ఎవరికి వినిపిస్తుంది? నేను కూర్చునే పీట ఎత్తి బ్లోయరు నోటికి అడ్డంగా అదిమాను. అది పీటను గట్టిగా పీల్చుకుంది. ఇంజిను దగ్గినట్టు దగ్గి, రెండు కుదుపులు కుదిపి ఆగింది. అంతలోపలే ఆ వేగానికి హాల్లో, మిషన్లు ఆపినా తిరుగుతూనే ఉండే పెద్ద ఇరుసు మీది ఒక తోలు బెల్టు తెగి, గోడవారగా కూర్చుని తింటున్న ఒకామె కుడి మోచేతి మీద పడింది. నేను వెళ్లేసరికి ఆమె ఏడవడం లేదు. చెయ్యి పక్కకు తిరిగిపోయి ఉంటే దాన్ని వింతగా చూసుకుంటోంది. చుట్టూ సంగటి, మసి, నెత్తురు.

రెండు రోజులకు ఫ్యాక్టరీలు చూసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సావుకారు నా పక్కనే నిలబడ్డాడు.

"బెల్టు ఎందుకు తెగింది?" అని ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు.

"పాతది సార్," అన్నాను. నెల కింద నేనే బిగించిన కొత్త బెల్టు అది. ఇంజిను మాట ఎత్తలేదు.

ఆయన రాసుకుని, టీ తాగి వెళ్లాడు.  సావుకారు మీద అసహ్యం అప్పటికే నిండుగా ఉంది. ఆ రోజు దానికన్నా పెద్దది నా మీద పుట్టింది. మరుసటి రోజు తాళాలు ఇచ్చేసి ఆళ్లగడ్డ వెళ్లిపోయాను. నా తర్వాత వచ్చిన డ్రైవరు ఇంజిను విప్పి బాగుచేసి, ఎనభైవి తీసేసి అరవై వేశాడని, సావుకారు కిమ్మనలేదని విన్నాను. ఒక మనిషి చెయ్యి విరిగాక సావుకారుకు నంబర్లు అర్థమయ్యాయి.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల పొలాల్లో నీళ్లు తోడే ఇంజిన్లు బాగుచేసుకుంటూ నాలుగేళ్లు గడిపాను. ఒక సంత రోజు వంకాయలు అమ్ముతున్న ఒకామె నన్ను పేరు పెట్టకుండా, "ఇంజినన్నా," అని పిలిచింది. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుని ఉంది.

"ఈడ ఉండావా?" అంది.

"ఈడనే ఉండానమ్మా."

"బెల్టు పాతదంటివంట గదా."

 "కొత్తదేనమ్మా. నేను అబద్ధం చెప్తి," అన్నాను.

"పాతదైతే నాకేం, కొత్తదైతే నాకేం. దెబ్బ దెబ్బే," అని ఆమె మిగిలిన వంకాయలు గంపలో సర్దింది. "బస్సుకు టైమైతాంది. ఈ గంప నెత్తికి ఎత్తు. నాకు ఒంటిచేత్తో రాదు."

ఎత్తాను. ఆమె ఎడమ చేత్తో గంప పట్టుకుని, వెనక్కి తిరగకుండా జనంలోకి వెళ్లిపోయింది. నేను సంతలో ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చాను.