మోచి అంటే ఏమిటి

వేళ్ళకు అంటిన పిండి మెత్తగా, చల్లగా తగిలింది. విశాఖలో మా ఆఫీసు కింద కొత్తగా తెరిచిన బేకరీలో ఒక గుండ్రటి మిఠాయి కొని కొరికాను. అది జిగురుగా సాగి పెదవికి అంటుకుంది. పక్కన నిలబడ్డావిడ అదేమిటని అడిగింది. "మోచి అంటారండీ, జపానుది" అని ఊరుకోలేదు నేను. "కొంచెం కొంచెంగా కొరికి, బాగా నమిలి తినండి" అని కూడా అనేశాను. ఆ మాట నాది కాదు, పార్వతమ్మగారిది.

పార్వతమ్మగారు గజపతినగరంలో తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ తరవాత అరసవల్లిలో ఉంటూ, ఇంటి ముందు గదిలో కూర్చుని పిల్లల కోసం ఒక నిఘంటువు తయారు చేస్తుండేవారు. ఆవిడకు సాయంగా నేను చేరాను. డిగ్రీ అయ్యాక అదే నా మొదటి ఉద్యోగం. రాతలో ఒక ఒత్తు తప్పినా ఒప్పుకోని మనిషి, మాటలో మాత్రం పుట్టిన ఊరి యాసను దాచుకునేవారు కాదు. గదిలో కిటికీ పక్కన మంచం మీద ఆవిడ తల్లి పైడమ్మగారు ఉండేవారు. ఎనభై దాటిన మనిషి, పళ్ళు సగం ఊడిపోయాయి, బడి మొహం చూడలేదు. మేము రాసిన ప్రతి అర్థాన్నీ ముందు ఆవిడకు చదివి వినిపించాలి. "మా అమ్మకి బోధపడితే పిల్లలకి బోధపడినట్టేనే గౌరీ" అనేవారు పార్వతమ్మగారు.

అప్పట్లో టీవీలో జపాను కార్టూన్లు తెలుగు మాటలతో వస్తుండేవి. వాటి పుణ్యమా అని ఆ దేశపు తిండి పేర్లు కూడా పిల్లల నోళ్ళలో నానుతుండేవి. అందుకని 'మోచి' అనే మాటను కూడా చేర్చాం. "జపాను దేశపు తీపి వంటకం" అని రాసి పార్వతమ్మగారికి చూపించాను.

"ఏటే ఇది? అరిసె అంటే ఆంధ్రా తీపి వంటకం అని రాస్తే నీకు అరిసె కళ్ళకి కనబడతాదా?" అన్నారు.

ఇంటర్నెట్‌లో వెతికి, "బియ్యంతో చేసే, చలివిడి వంటి మిఠాయి" అని మార్చాను. పైడమ్మగారు మంచం మీంచే, "అయితే మన సలివిడే కదేటే" అని తేల్చేశారు. పార్వతమ్మగారు నా వైపు చూశారు. "సలివిడిలాగుంటాదని నువ్వు తిని సూసినావా? తినందే ఎలా రాస్తావు? దాన్ని పక్కనెట్టు." అచ్చువేసేవాళ్ళు తొందరపెడుతున్నా ఆ ఒక్క మాటనూ అలాగే ఖాళీగా ఉంచేశారు. ఆలస్యానికి నింద నా మీదికే వస్తుందని నాకు లోలోపల భయం.

అదృష్టవశాత్తూ కొన్నాళ్ళకు నా స్నేహితురాలు ఆఫీసు ట్రైనింగుకని జపాను వెళ్ళి, వస్తూ ఒక మోచి డబ్బా తెచ్చింది. పరుగున పట్టుకెళ్ళి ఇచ్చాను. పార్వతమ్మగారి మొహం వెలిగిపోయింది. డబ్బా విప్పి, ఒకటి తీసి వాసన చూసి, "ముందు అమ్మకెడదాం. తీపంటే దానికి పేణం" అంటూ తల్లి చేతిలో పెట్టారు. పైడమ్మగారు దాన్ని మొత్తంగా నోట్లో వేసుకున్నారు. కాస్త నమిలి మింగబోయారు. అంతే, మొహంలో నవ్వు ఆగిపోయింది. దగ్గు లేదు, మాట లేదు. చెయ్యి గొంతు మీదికి పోయింది, కళ్ళు పెద్దవయ్యాయి.

"అమ్మా! ఏటైనాదే అమ్మా!" అంటూ పార్వతమ్మగారు కొయ్యబారిపోయారు. కాలేజీలో ఎప్పుడో నేర్పిన ప్రథమ చికిత్స నాకు గుర్తొచ్చింది. ముసలావిడను ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా చరిచాను. రాలేదు. మళ్ళీ మళ్ళీ చరిచాను. ఆ ఎముకలు విరిగిపోతాయేమోనని ఒక భయం, ఆపితే మనిషే దక్కదేమోనని ఇంకో భయం. చివరికి తెల్లటి ముద్ద ఊడి నేల మీద పడింది. ఈల వేసినట్టు ఊపిరి లోపలికి వెళ్ళింది. వెంటనే దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గంత తియ్యటి చప్పుడు నేను మళ్ళీ వినలేదు. పార్వతమ్మగారు తల్లి కాళ్ళు పట్టుకుని నేల మీద కూలబడి ఏడ్చారు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు గొంతు చూసి, పరవాలేదు, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. తిరుగు దారిలో ముసలావిడను మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. ఉన్నట్టుండి పైడమ్మగారు, "అదేటే, తీపని తింటే పీక పట్టుకున్నాది!" అన్నారు. ముందు నేను నవ్వాను. తరవాత పార్వతమ్మగారు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. ఆ నవ్వులు ఆగకపోయేసరికి ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

సాయంత్రానికి ముసలావిడ, "ఇంకోటి ఉన్నాదా? ఈపాలి సిన్న ముక్కలు సేసి ఎట్టు" అని మొదలుపెట్టారు. కూతురు ససేమిరా అన్నారు. తల్లి వినలేదు. చివరికి పార్వతమ్మగారు మోచిని కత్తెరతో చింతగింజలంత ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్కటే నోట్లో పెడుతూ, అది పూర్తిగా నమిలేదాకా చూస్తూ కూర్చున్నారు. పైడమ్మగారు తీరిగ్గా నమిలి, "సలివిడి కాదే ఇది. సలివిడి ఇరుగుతాది, ఇది సాగతాది" అని తీర్పు చెప్పారు.

ఆ మాటతో మా వాక్యం కుదిరింది. "మోచి: జపాను మాట. జిగురు బియ్యాన్ని ఉడికించి, దంచి చేసే మెత్తని వంటకం. చలివిడిలా విరగదు, సాగుతుంది. లోపల తీపి పూర్ణం పెట్టి మిఠాయిగా కూడా చేస్తారు. గొంతుకు అడ్డుపడుతుంది కనుక కొంచెం కొంచెంగా కొరికి, బాగా నమిలి తినాలి."

చివరి వాక్యం తీసేయమని ప్రచురణకర్త ఫోన్ చేశారు. నిఘంటువులో సలహాలు ఉండకూడదట. ఆయనతో పార్వతమ్మగారు ఎంతో మర్యాదగా, "సలహా కాదండీ, అర్థమే. నిప్పుకి అర్థం రాస్తే కాలుతుందని రాయమా?" అన్నారు. ఆయన సరేనన్నారు. ఆ వాక్యం అలాగే అచ్చయింది. పైడమ్మగారు ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు ఆ మంచం మీంచే మా రాతలకు వంకలు పెట్టారు.

నేనిప్పుడు మందుల డబ్బాల్లో ఉండే కాగితాలను తెలుగులోకి రాసే పనిలో ఉన్నాను. పోయిన నెల ఒక పిల్లల మందు కాగితంలో "తగినంత నీటిలో కలిపి పట్టాలి" అని ఉంది. ఎంత నీరో తేలితే తప్ప రాయనని కూర్చున్నాను. మా పైఅధికారి విసుక్కున్నారు, ఒక్క మాట కోసం ఇంత పట్టుదలేమిటన్నారు. నాకు మాత్రం ఏడుస్తున్న బిడ్డను చంకనెత్తుకుని, ఒక చేత్తో సీసా, ఒక చేత్తో ఆ కాగితం పట్టుకుని నిలబడ్డ ఒక తల్లే కళ్ళముందు మెదిలింది. కొన్ని రోజులకు కంపెనీవాళ్ళు కొలత పంపారు. ఆ వాక్యం సరిచేసి పంపేసి, ఆ సాయంత్రం బస్సెక్కకుండా హాయిగా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాను.