సరుగుడు తోపులో వనజాక్షి

బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డునున్న ఆ పట్టపుపాళెంలో, జాలరుల పల్లెలో, వనజాక్షి ఊరికే కూర్చోగా చూసినవాళ్లు లేరు. చీకటితోనే ఒడ్డుకు పోయి చేపలు వేలం పాడుకోవడం, ఆటోలో కావలికి తీసుకెళ్లి అమ్మడం, వచ్చి వంట చెయ్యడం, ఎండేసిన చేపలు తిరగెయ్యడం. భర్త రమణయ్య వేట నుంచి వస్తే చిరిగిన వలల పని. ఆమె అత్త పోలమ్మ బతికినన్నాళ్లూ ఇంతకంటే ఎక్కువే చేసింది. నిరుడు పొయ్యి ముందరే, పులుసు కలుపుతూ కలుపుతూ ఒరిగిపోయింది.

ఈ ఎండాకాలంలో వనజాక్షి మార్కెట్లో కత్తిపీట ముందే కళ్లు తిరిగి పడింది. జబ్బేమీ లేదు, ఒంటికి విశ్రాంతి లేదంతే అన్నది డాక్టరమ్మ.

కూతురు రోజా పట్టుబట్టింది. "మధ్యాన్నం పని నేను చూసుకుంటా. ఇంట్లో ఉంటే నువ్వు ఊరుకోవు. తోపులోకి పోయి కాసేపు పడుకోమ్మా."

ఊరి చివర సరుగుడు తోపులో పాత పడవొకటి బోర్లించి ఉంది. దాని నీడలో కూర్చునేది వనజాక్షి. మొదట్లో గింజలు తీద్దామని చింతపండు వెంట తీసుకుపోయింది. తర్వాత ఫోను తీసుకుపోయింది. చేపలు కావాలని హోటలోళ్లు ఒకటే ఫోన్లు. ఇంటికొచ్చేసరికి పోయినప్పటికంటే ఎక్కువ అలసట. చివరికి రోజా గడప దగ్గరే ఫోను లాక్కుంది.

వట్టి చేతులతో పోయిన మొదటి రోజునే ఆ పిలుపు వినపడింది.

గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇసుక మీద తిరిగే పీతలన్నీ బొరియల్లోకి దూరినాయి. పడవ వెనక నుంచి ఎవరో, "వనజా! ఏడుండావే?" అన్నారు.

అత్త గొంతు. పొయ్యి దగ్గర నుంచి రోజుకు పదిసార్లు అరిచే అదే గొంతు.

వనజాక్షి లేచి ఇంటికి పరిగెత్తింది. ఇంట్లో రోజా ఒక్కతే ఉంది. "ఎవురూ పిలవలేదు గదమా" అంది.

మర్నాడూ అంతే. కాళ్లు చాపుకుని కళ్లు మూసుకోగానే పిలుపు. లేచి చూస్తే ఎవరూ లేరు. పడవ చెక్కలు మటుకు సన్నగా కిర్రుమన్నాయి.

ఆడబిడ్డ కామమ్మకు చెప్పుకుంది. పోలమ్మ ఆమెకు కన్నతల్లి. కామమ్మ ముఖం పాలిపోయింది. "ఇంకా ఆ పక్కకు పోబాకమే. మా యమ్మకు నువ్వింకా పని బాకీ ఉన్నట్టుంది."

రెండు దినాలు వనజాక్షి పోలేదు. చేతులు వణికి గరిట జారిపోతుంటే, పిలిస్తే పిలవనీ అనుకుని మళ్లీ బయల్దేరింది.

"వనజా! ఏడుండావే?"

ఈసారి లేవలేదు. తల తిప్పకుండా బదులిచ్చింది.

"ఈడే ఉండానత్తా. పని రోజా చూసుకుంటా ఉంది. కాసేపు కూచోనుండా. నువ్వు కూడా రా, కూచో."

అలల చప్పుడు కూడా వినపడలేదు. ఆమె పక్కన ఇసుక మెల్లగా కుంగింది, బరువైన మనిషి నడుం పట్టుకుని కూర్చున్నట్టు. ఎండుచేపల వాసన, పొయ్యి పొగ వాసన కలిసి ముక్కుకు తగిలాయి. ఆ తర్వాత పెద్ద నిట్టూర్పు.

వనజాక్షికి భయం వేసింది. ఆ భయంలోనే, ఎప్పుడో తెలీకుండా నిద్రపట్టేసింది. పెళ్లయినాక అంత గాఢంగా ఆమె ఎన్నడూ నిద్రపోలేదు. లేచేసరికి ఎండ తగ్గింది. పక్కన ఇసుక గుంటగా ఉంది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

అప్పట్నుంచి పిలుపు లేదు. వనజాక్షి రోజూ పోయి పడుకుంటుంది. మిగతా పని తగ్గలేదు గానీ చేతుల వణుకు తగ్గింది, అన్నం రుచి తెలుస్తా ఉంది.

మొన్న ఒకనాడు కామమ్మ ఆమెను వెతుక్కుంటూ తోపు దాకా వచ్చి, దూరంలోనే నిలబడిపోయింది. వనజాక్షి ఇంటికొచ్చేదాకా వాకిట్లో కాచుకుని ఉంది.

"నీ పక్కన ఎవురుమే?"

"ఎవురూ లేరే వదినా."

కామమ్మ తోపు పక్కకు చూసింది. "మా యమ్మ కాళ్లు చాపుకోని కూచోనుంది. బతికుండగా ఒక్కనాడన్నా అట్లా చూళ్లేదు నేను" అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వనజాక్షి ఆమె చెయ్యి పట్టుకుంది. "రేపు నువ్వు కూడా రా వదినా" అంది.