జపాను గాలి

మా నూజివీడు మామిడి వ్యాపారుల మీద నాకు మొదటి నుంచీ మంచి అభిప్రాయం లేదు. కాయ నొక్కి పండు సంగతి చెబుతారు గానీ మరో విషయం వాళ్ళ బుర్రకెక్కదు. మా నాన్నకు సినిమా హాలుండేది. ఎవరికీ లొంగకుండా తనకు నచ్చిన బొమ్మలే తెచ్చి వేసేవాడు. ఆ నష్టాలు ముసునూరు దారిలోని మా తోట పూడ్చేది. వీళ్ళేమో "కత్తియుద్ధం లేదేంటండీ?" అని మొహం మీదే అడిగేవాళ్ళు.

అరవైల మొదట్లో ఒక వేసవిలో, మంచి సినిమాలకు నిలబడ్డ హాలని బెజవాడ సినిమా సంఘం వాళ్ళు నాన్నకు సన్మానం తలపెట్టారు. పేరున్న పాత జపాను సినిమా మ్యాట్నీ వేస్తామన్నారు. జనం చివరిదాకా కూర్చుంటే నెలకొకటి అలాంటిది పంపుతామన్నారు. నాన్నకు అంతకన్నా పెద్ద కోరిక లేదు.

"ఒక్కపూట మనూరు మనుషుల్లా కూర్చుంటే చాలమ్మా," అన్నాడు నాతో. అప్పట్లో నాకు ఆయన మాట వేదం.

పాసులు ఉచితం కాబట్టి వ్యాపారులు బావమరుదులతో సహా దిగారు, అదీ సుష్టుగా భోంచేసి. శాలువా కప్పేదాకా చప్పట్లు కొట్టారు. బొమ్మ మొదలవగానే ఒకాయన "చైనావాళ్ళా?" అని అడిగి, జవాబు వినకుండానే గురక పెట్టాడు. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. ఒక ముసలి తండ్రి, కూతురు, వెదురు తోపు. కాసేపటికి కుర్చీ క్లాసంతా గురకే.

అప్పుడు తెర మీద గాలి లేచింది. కొత్త స్పీకర్లు హోరెత్తాయి. పూత మీదే తోటలు కొన్నవాళ్ళకు వైశాఖంలో గాలంటే ఏడాది సంపాదన నేలపాలు కావడమే. చీకట్లో ఉలిక్కిపడి లేచి, "గాలొచ్చింది రోయ్, కాయ పోయింది," అంటూ పంచెలు ఎగ్గట్టి తలుపుల మీద పడ్డారు. వాళ్ళను చూసి మిగతా జనం కూడా.

బయట నిప్పులు చెరిగే ఎండ. ఆకు కదలడం లేదు. సిగ్గుపడతారేమో అనుకున్నాను. "బొమ్మలో గాలుందని ముందు చెప్పొద్దా?" అని గేటుకీపర్ని దబాయించి ఇళ్ళకు పోయారు. బెజవాడ పెద్దమనుషులు కారెక్కారు.

ఆ అవమానంలో నాన్నను ఒంటరిగా వదలకూడదని లోపలికి పరుగెత్తాను. బొమ్మ ఆడుతూనే ఉంది. ఆయన కుర్చీ ఖాళీ. అందరికన్నా ముందు తలుపు తోసుకుని పోయింది ఆయనేనని గేటుకీపరు చెప్పాడు.

తోటకు వెళ్ళాను. సన్మానపు శాలువా భుజాన వేసుకుని, చెప్పుల్లేకుండా, చెట్ల కింద వంగి చూస్తున్నాడు. కళ్ళలో నిద్రమత్తు ఇంకా దిగలేదు.

"ఒక్క కాయా రాలలేదమ్మా," అన్నాడు, మొహం వెలిగిపోతూ.

ఆ రోజు నుంచి ఆయన్నీ వ్యాపారుల్లోనే జమ కట్టాను.