మైకు ఒక చోట, గొంతు ఒక చోట

మా చిన్నప్పుడు... బోధన్ చుట్టుపక్కల ఎక్కడ జాతర జరిగినా మైక్ సెట్ మా బాపుదే (నాన్నను మేం బాపు అంటాం). ఒక ఆంప్లిఫైయర్, బరువైన బ్యాటరీ, ఒక మైకు, గరాటు మూతి లౌడ్‌స్పీకర్లు, అవే భోంగాలు, రెండు... వాటిని మాకంటే గారాబంగా చూసుకునేవాడు. నాకు అదే కోపం.

భోంగాలను మైకు దగ్గర అస్సలు కట్టనిచ్చేవాడు కాదు. "మైకు ముంగట భోంగ ఉంటె, దాని సప్పుడు అదే ఇని కూత వెడ్తది బిడ్డా" అనేవాడు. అందుకే మైకు గుడి ముందర పందిట్లో ఉంటే, భోంగాలు ఎక్కడో దూరాన గుంజలకు ఉండేవి.

ఆ ఏడు చెరుకు నరికే కాలం. మిట్టమధ్యాహ్నం, జాతర కిక్కిరిసి ఉంది. నేను బాపు పక్కన కూర్చుని పేలాలు తింటున్నాను. ఒకామె పరుగున వచ్చింది. మూడేళ్ల కొడుకు తప్పిపోయాడట... పక్కనే రోడ్డు మీద ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వరస. అందరికీ అదే భయం.

"నా గొంతుకు పోరడు రాడు. నువ్వే పేరు వెట్టి పిలువక్కా" అని బాపు మైకు ఆమె ముందు పెట్టాడు.

ఆమె నోరు తెరవలేదు. పిల్లవాడికి పెట్టింది వాళ్ల తాత పేరు... మామ పేరు కోడలు ఎట్లా పలుకుతుంది?

వెంట వచ్చిన ఆ మామే కళ్లు తుడుచుకుంటూ, "నా పేరే గద బిడ్డా, అను. పోరడు దొర్కితె సాలు" అన్నాడు.

ఆమె కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, "గంగారాం..." అంది.

ఎవరూ రాలేదు. ఎట్లా వస్తాడు? వాళ్ల అవ్వ నోట (మా వైపు తల్లిని అవ్వ అనే అంటాం) ఆ పేరు వాడు పుట్టినప్పటి నుంచీ ఎన్నడూ వినలేదు.

"ఇంట్ల ఏమని పిలుస్తవ్?" అడిగాడు బాపు.

"సిన్న బాపు అని..."

"గట్లనే పిలువు."

"సిన్న బాపూ... రారా నాయినా..." ఆ గొంతు జాతరంతా తిరిగింది. అయినా పందిట్లోకి ఎవరూ రాలేదు. ఆమె నేల మీద కూలబడిపోయింది.

ఉన్నట్టుండి బాపు తల కొట్టుకున్నాడు. "అయ్యో... గొంతు ఈడ లేదు గద, ఆడున్నది!" అంటూ రోడ్డు వైపు ఉరికాడు. వెనకాలే ఆమె, నేను.

రోడ్డు పక్కన గుంజ కింద నిలబడి ఉన్నాడు వాడు. రెండు చేతులూ పైకి చాచి, భోంగాలోకి చూస్తూ ఏడుస్తున్నాడు.

"అవ్వా, దిగు... అవ్వా, కిందికి దిగు..."

ఆమె వాడిని గుండెకు హత్తుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఆ రోజు నుంచి బాపు మైక్ సెట్ మీద నాకు కోపం పోయింది.

ఇప్పుడు జాతరల్లో డీజే పెట్టెలు గుండెలదిరేలా మోగుతున్నాయి. మనిషిని మనిషి పిలిచే గొంతు మాత్రం వాటిలో వినపడదు... మీ ఊరి భోంగాలోంచి మీరు విన్న ఏ గొంతు ఇంకా గుర్తుంది? చెప్పండి, వింటాను.

బాపు పోయి చాలా ఏళ్లయింది. ఆయన గొంతును ఎవరమూ దాచుకోలేదు. ఒక భోంగా మాత్రం మా అటక మీద ఉంది. దాని కింద నిలబడినప్పుడల్లా నాకూ మెడ ఎత్తి పిలవాలనిపిస్తుంది...

బాపూ, దిగు.